పి0753 వెంట పద్నాలుగు రోజులు: ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సోలినాయిడ్ల డైరీ

1వ రోజు

బండి చల్లగా ఉన్నంతసేపు ఏ గొడవా లేదు. నాలుగు గేర్లూ వరసగా, మెత్తగా పడతాయి. పాతిక నిమిషాలు నడిచి గేర్‌బాక్స్ ఆయిల్ 85 డిగ్రీలు దాటాకే అసలు కథ. ఆగి మళ్లీ కదలబోతే ముందుకు రావడానికి మూలుగుతుంది. ఇంజన్ లైటు వెలుగుతుంది. ఆ తర్వాత గేర్లు మారడమే మానేస్తాయి. పక్కకు తీసి, ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ మామూలే.

స్కానర్ పెడితే వచ్చిన కోడ్ పి0753: షిఫ్ట్ సోలినాయిడ్ ఎ, ఎలక్ట్రికల్. సోలినాయిడ్ అంటే కరెంటు మాట విని ఆయిల్ దారిని మూసే, తెరిచే చిన్న వాల్వు.

మూడు నెలల క్రితం కూడా ఇదే కోడ్. అప్పుడు నేను చేసిందల్లా గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పి, సోలినాయిడ్ ఎ కొత్తది వేసి మూసేయడం. రెండు వారాలు బాగానే నడిచింది, తర్వాత మళ్లీ మొదలు. కోడ్‌లో ఏ పార్టు పేరుంటే ఆ పార్టే దోషి అనుకున్నాను. ఈసారి ఒకటే నియమం: కొలవకుండా ఏదీ మార్చను. పాత సోలినాయిడ్ పారేయలేదు, డబ్బాలో భద్రంగానే ఉంది.

2వ రోజు

ముందు కాగితం మీద పని. నా గేర్‌బాక్స్‌లో గేరు ఎంచేవి ఎ, బి అనే రెండు షిఫ్ట్ సోలినాయిడ్లు. రెండూ ఆన్ అయితే ఫస్ట్. ఎ ఆఫ్, బి ఆన్ అయితే సెకండ్. రెండూ ఆఫ్ అయితే థర్డ్. ఎ ఆన్, బి ఆఫ్ అయితే ఫోర్త్. ఇవి కాక లైన్ ప్రెషర్‌ను, అంటే గేర్‌బాక్స్‌లోని అసలు ఆయిల్ ఒత్తిడిని, అదుపు చేసేది ఒకటి, టార్క్ కన్వర్టర్ లాకప్‌ది, అంటే ఇంజన్‌నూ గేర్‌బాక్స్‌నూ జారకుండా ఒకటిగా కట్టేసేది, ఇంకొకటి.

ఈ నాలుగు వరసలూ ఎదురుగా పెట్టుకుంటే సగం రోగ నిర్ధారణ కూర్చున్నచోటే అయిపోతుంది. ఎ చచ్చిపోయిందనుకుందాం. గేర్లను నడిపే కంప్యూటర్ ఫస్ట్ అడిగితే ఎ ఆఫ్, బి ఆన్, అంటే బండి సెకండ్‌లో కదులుతుంది. సెకండ్ అడిగితే సెకండే. థర్డ్ అడిగితే థర్డే. ఫోర్త్ అడిగితే రెండూ ఆఫ్, మళ్లీ థర్డే. అంటే 1-2-3-4 బదులు 2-2-3-3 వస్తుంది. అదే బి పోతే 4-3-3-4 వస్తుంది, అప్పుడు బండి ఫోర్త్‌లో కదలాలి, అది దాదాపు కదలనట్టే లెక్క. నా బండి మూలుగుతోంది గానీ కదులుతోంది. కాబట్టి సెకండ్‌లో బయలుదేరుతోందని నా అనుమానం.

కంప్యూటర్‌కు లోపం తెలిసిపోయాక అన్నిటికీ కరెంటు తీసేస్తుంది. రెండూ ఆఫ్ అంటే థర్డ్. గేర్లు మారడం మానేసిందని నిన్న రాసింది అదే, లింప్ మోడ్. తీగలన్నీ తెగినా ఇల్లు చేరేందుకు ఒక గేరు మిగిలేలా ఆ వరసను ముందే అలా పేర్చిపెట్టారు. ఎవరో ఒక ఇంజనీరు బల్ల ముందు కూర్చుని ఇదంతా ఆలోచించి ఉంటాడు. అది తలుచుకుంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

3వ రోజు

బండి నడుస్తుండగా స్కానర్‌లో వచ్చే అంకెలు, అంటే లైవ్ డేటా, రికార్డు చేశాను. టర్బైన్ వేగం అంటే గేర్‌బాక్స్‌లోకి వచ్చే షాఫ్టు తిరుగుడు, ఔట్‌పుట్ వేగం అంటే బయటికెళ్లే షాఫ్టు తిరుగుడు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే గేర్ నిష్పత్తి వస్తుంది. నా గేర్‌బాక్స్‌లో ఇవి సుమారు 2.8, 1.5, 1.0, 0.7.

అయితే ఆ రెండు సెన్సర్లు నిజం చెబుతున్నాయా? ముందది తేలాలి. దానికి తేలికైన దారి ఉంది. ఫోర్త్‌లో లాకప్ పడినప్పుడు ఇంజనూ టర్బైనూ ఒకటిగా తిరగాలి. చల్లటి బండిని అలా నడిపి చూస్తే ఇంజన్ 1,910, టర్బైన్ 1,908. రెండు వేర్వేరు సెన్సర్లు ఒకే మాట చెబుతున్నాయంటే టర్బైన్ సెన్సర్‌ను నమ్మొచ్చు. ఔట్‌పుట్ వేగాన్ని చక్రాల వేగంతో పోల్చాను, అదీ సరిపోయింది.

ఇక వేడెక్కాక. ఆయిల్ 88 డిగ్రీలు. కంప్యూటర్ అడుగుతున్నది ఫస్ట్. టర్బైన్ 1,350, ఔట్‌పుట్ 900. భాగిస్తే 1.5. సెకండ్! కాసేపటికి లైటు వెలిగింది, నిష్పత్తి 1.0కి వచ్చి అక్కడే నిలిచిపోయింది. నిన్నటి కాగితం లెక్క అక్షరాలా నిజమైంది. ఎ సర్క్యూట్‌లో కరెంటు ఆగిపోతోంది.

సర్క్యూట్ అన్నాను, సోలినాయిడ్ అనలేదు. ఈసారి ఆ తేడా మరిచిపోను.

రికార్డులో ఇంకో సంగతి కూడా దొరికింది. లైటు వెలగక ముందే, సెకండ్ నుంచి థర్డ్‌కు మారమని అడిగాక నిష్పత్తి 1.5 దగ్గరే దాదాపు ఒక సెకను ఆగి, ఆ తర్వాత ఒక్కసారిగా 1.0కి దూకింది. చల్లగా ఉన్నప్పుడు ఈ ఆలస్యం చాలా తక్కువ. ఫస్ట్ నుంచి సెకండ్‌కు మాత్రం ఏ ఆలస్యమూ లేదు. సెకండ్ నుంచి థర్డ్‌కు వెళ్లేటప్పుడు ఆఫ్ కావాల్సింది బి. దాని మీద ఏ కోడూ లేదు.

4వ రోజు

గేర్‌బాక్స్ పక్కనున్న పెద్ద కనెక్టర్ ఊడదీసి బయటినుంచే కొలిచాను. 28 డిగ్రీల దగ్గర ఎ 21.3 ఓమ్‌లు, బి 21.5. ప్రెషర్ సోలినాయిడ్ 5.2. బండి బాడీకి షార్ట్ లేదు. అన్నీ బాగున్నట్టే.

నాకు ఈ పని నేర్పిన అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, ఓమ్‌లు సరిపోయాయి. కోడ్ మాత్రం వస్తూనే ఉంది."

"చల్లగా ఉన్నప్పుడు చూశావా, వేడి మీదా?"

"చల్లగానే."

"రోగం వేడి మీద వస్తుంటే చల్లగా చూసి ఏం లాభంరా? వేడెక్కించి చూడు. చూసేటప్పుడు కనెక్టర్‌నీ కేసునీ మెల్లగా తట్టు. మీటరు కదిలితే చెప్పు."

5వ రోజు

వేడెక్కించి చూశాను. రాగి తీగ రెసిస్టెన్స్ డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. ఆ లెక్కన 28 దగ్గర 21.3 ఉన్నది 92 దగ్గర సుమారు 26.5 కావాలి. బి 26.7 చూపించింది. ఎ 26.6 చూపించి, కేసును రబ్బరు సుత్తితో తట్టగానే 31, తర్వాత 40, తర్వాత మీటరులో గీత తప్ప ఏమీ లేదు. ఓపెన్, అంటే దారి తెగింది. మళ్లీ తడితే 26.6.

దొంగ దొరికినట్టే, కాకపోతే ఏ గదిలో ఉన్నాడో తెలియదు. సోలినాయిడ్ చుట్టలోనా, దానికి వెళ్లే తీగలోనా?

6వ రోజు

బ్యాటరీ నెగటివ్ తీసి, బండిని నాలుగు స్టాండ్ల మీద పెట్టి, రాత్రంతా చల్లారాక పాన్ దించాను. వేడి ఆయిల్ చేతిమీద పడితే ఎలా ఉంటుందో ఒకసారి చూసినవాడిని, ఇక్కడ తొందర పనికిరాదు. ఆయిల్ ముదురు ఎరుపు, మాడువాసన లేదు. పాన్‌లోని అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద పట్టి ఉంది. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగల్లేదు. క్లచ్చులూ గేర్లూ అరిగే మామూలు రజనే అది. ముక్కలు కనపడి ఉంటే ఈ డైరీ ఇక్కడే ఆగిపోయి, గేర్‌బాక్స్ మొత్తం కిందికి దిగేది.

ఆయిల్ దారులూ వాల్వులూ ఉండే వాల్వ్ బాడీ ఎప్పుడు చూసినా నాకు కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. అల్యూమినియంలో చెక్కిన చీమలపుట్టలా ఉంటుంది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో వచ్చిన హైడ్రామాటిక్ గేర్‌బాక్స్‌లో ఏ గేరు పడాలో తేల్చడానికి ఒక్క కరెంటు తీగ కూడా లేదు. ఆయిల్ ఒత్తిడి, స్ప్రింగులు, వేగాన్ని బట్టి తిరిగే గవర్నరు, అంతే. నా చేతిలో ఉన్నదాంట్లో కూడా గేరు వేసేది ఆయిలే. సోలినాయిడ్ చేసేది ఒక సన్నటి దారి మూయడం, తెరవడం. ఆ చిన్న ఒత్తిడి స్పూల్ వాల్వును నెడుతుంది, స్పూల్ వాల్వు అసలు ఒత్తిడిని క్లచ్చుకు పంపుతుంది. అర ఆంపియరు కరెంటు మాట విని ఒకటిన్నర టన్నుల బండి గేరు మార్చుకుంటుంది.

సోలినాయిడ్ అన్న పేరు పెట్టింది, ఆంపియరు కొలతకు పేరిచ్చిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆంపియరే. గ్రీకులో సోలెన్ అంటే గొట్టం. గొట్టానికి తీగ చుట్టి ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇక్కడైతే ఆ గొట్టంలోంచి ఆయిల్ కూడా పారుతుంది.

సోలినాయిడ్లు తీసేముందు ప్రతిదానికీ ఫొటో, ప్రతి బోల్టుకూ అట్టముక్క మీద దాని చోటు. ఈ గేర్‌బాక్స్‌లో వాల్వ్ బాడీ మొత్తం దించకుండానే సోలినాయిడ్లు బయటికొస్తాయి. ఆయిల్‌ను ఒకవైపే పోనిచ్చే చెక్ బాల్స్ అనే చిన్న గుండ్ల జోలికి వెళ్లే అవసరం రాలేదు, అది నా అదృష్టం.

8వ రోజు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన రోజు.

బల్ల మీద చిన్న స్టీలు గిన్నెలో కొత్త గేర్‌బాక్స్ ఆయిల్, కింద ఎలక్ట్రిక్ హాట్‌ప్లేట్, థర్మామీటరు. మంట ఎక్కడా లేదు. సోలినాయిడ్‌కు వరసలో 1 ఓమ్ రెసిస్టర్ పెట్టి, దానికి అటూ ఇటూ వోల్టేజీని, కాలంతో పాటు గీతలా చూపే చిన్న ఆసిలోస్కోప్‌లో చూశాను. 1 ఓమ్ కాబట్టి ఎన్ని వోల్టులు చూపిస్తే అన్ని ఆంపియర్లు.

12 వోల్టులు ఇవ్వగానే కరెంటు ఒక్కసారిగా పైకి లేవదు, వంపుగా ఎక్కుతుంది. ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో చిన్న గుంట పడి, మళ్లీ ఎక్కుతుంది. లోపలి ప్లంజరు కదిలిన క్షణం ఆ గుంటే! ఇనుప కడ్డీ కదిలితే చుట్టలో ఎదురు వోల్టేజీ పుట్టి కరెంటును కాసేపు తగ్గిస్తుంది. అంటే సోలినాయిడ్‌ను విప్పకుండానే దాని గుండె చప్పుడు చూడొచ్చు. ఓమ్‌మీటరు ఎన్నేళ్లు పట్టుకున్నా ఇది చెప్పదు.

మూడు నెలల క్రితం వేసిన కొత్త ఎ: చల్లగా గుంట 8 మిల్లీసెకన్ల దగ్గర, 90 డిగ్రీల ఆయిల్‌లో 10 దగ్గర. వేడికి చుట్ట రెసిస్టెన్స్ పెరిగి కరెంటు తగ్గుతుంది, లాగే బలమూ తగ్గుతుంది. కాబట్టి ఆ రెండు మిల్లీసెకన్లు న్యాయమే. రెసిస్టెన్స్ 26.4 దగ్గర కదలకుండా నిలబడింది. తట్టినా, ఊపినా అంతే.

బి: చల్లగా 11. వేడిలో 24, ఒక్కోసారి గుంటే లేదు. రెసిస్టెన్స్ మాత్రం చక్కగా 26.5.

తర్వాత గాలి పరీక్ష. కంప్రెసర్ గాలిని బాగా తగ్గించి లోపలి రంధ్రంలోకి వదిలాను. ఈ సోలినాయిడ్లు కరెంటు ఉంటే దారి మూస్తాయి, లేకపోతే ఆయిల్‌ను పాన్‌లోకి వదిలేస్తాయి. వేడి మీద ఎ కరెంటు తీయగానే బుస్సుమంది. బికి కరెంటు తీశాక ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత నెమ్మదిగా గాలి. మూడో రోజు రికార్డులో చూసిన ఆ ఒక్క సెకను ఆలస్యం నా బల్ల మీదే వినబడింది. క్లీనర్ పట్టించి కుదిపితే లోపల్నుంచి నల్లటి సన్న రజను వచ్చింది. ప్లంజరు గొట్టానికి రాసుకుంటోందని అర్థమైంది. కడిగాక కాస్త నయమైంది కానీ 90 దగ్గర మళ్లీ 17. అది తిరిగి బండిలోకి వెళ్లదు.

ఒక జాగ్రత్త. కరెంటు తీసేసినప్పుడు చుట్టలోంచి పెద్ద వోల్టేజీ వెనక్కి తంతుంది, నా వేలికి బాగానే తగిలింది. అడ్డంగా డయోడ్ పెడితే తన్నదు, కానీ అప్పుడు కరెంటు మెల్లగా చచ్చి, సోలినాయిడ్ వదిలేసే సమయం పెరుగుతుంది. అందుకే పోల్చేటప్పుడు ఎకీ బికీ ఒకే డయోడ్‌తో చేశాను.

9వ రోజు

డబ్బాలో ఉన్న పాత ఎ గుర్తొచ్చింది. దోషి అని మూడు నెలల క్రితం తీసేసింది. అదే గిన్నెలో, అదే పరీక్షలు. చల్లగా 8, వేడిలో 10. రెసిస్టెన్స్ 26.3. గాలి ఠపీమని ఆగింది, ఠపీమని వదిలింది. ఆయిల్ లోపలికి వచ్చే చోటి జాలీ కూడా శుభ్రంగా ఉంది.

దానికి ఏ రోగమూ లేదు. అప్పుడూ లేదు. చాలాసేపు దాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

10వ రోజు

ఇక మిగిలింది తీగ. గేర్‌బాక్స్ లోపల వైరింగ్ హార్నెస్, అంటే తీగల కట్ట, జీవితాంతం వేడి ఆయిల్‌లో మునిగి ఉంటుంది. దాన్ని బల్ల మీద పరిచి ఎ తీగను కొలిస్తే 0.3 ఓమ్‌లు, అంటే బాగున్నట్టు. కానీ ఓమ్‌మీటరు పంపేది అతి కొద్ది కరెంటు. ఒక్క పోగు అతుక్కుని ఉన్నా దానికి సరిపోతుంది. సోలినాయిడ్ అడిగేది అర ఆంపియరు. అందుకే చివర చిన్న బల్బు పెట్టి అర ఆంపియరు పారించి, తీగ ఈ చివరకీ ఆ చివరకీ మధ్య వోల్టేజీ చూశాను. బాగున్న తీగలో సున్నాకు దగ్గరగా ఉండాలి. బి తీగలో 0.02 వోల్టులు. ఎ తీగను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ వేళ్లతో నెమ్మదిగా వంచుతూ పోతే, క్లిప్పు దగ్గర మలుపులో 4 వోల్టులు పడి బల్బు మినుకుమంది.

ఆ చోట ఇన్సులేషన్ చీల్చి చూశాను. రాగి పోగులు దాదాపు అన్నీ తెగి, చివరలు ఒకదానికొకటి ఆని మాత్రం ఉన్నాయి. బయటినుంచి చూస్తే గీత కూడా లేదు. చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుపోయిన ప్లాస్టిక్ ఆ చివరల్ని కలిపి పట్టుకుంటోంది, వేడికి మెత్తబడి వదిలేస్తోంది. సోలినాయిడ్ మార్చినప్పుడు తీగ కదిలి చివరలు మళ్లీ ఆనుకున్నాయి కాబట్టే రెండు వారాలు నడిచింది. దాన్నే నేను పని చక్కబడిందనుకున్నాను.

టాంకం వేసి అతకొచ్చా అంటే, నేను వేయను. టాంకం పడినచోట తీగ బిరుసెక్కి దాని పక్కనే మళ్లీ విరుగుతుంది. టేపు జిగురైతే వేడి ఆయిల్‌లో నిలవదు. హార్నెస్ మొత్తం కొత్తది.

11వ రోజు

హార్నెస్ వచ్చేలోగా సెన్సర్లు.

టర్బైన్ సెన్సర్ రెండు తీగలది, లోపల అయస్కాంతం, చుట్ట. ముందు పళ్ల చక్రం తిరిగితే తనే ఏసీ వోల్టేజీ పుట్టిస్తుంది. వేగం పెరిగితే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ పెరుగుతాయి. డ్రిల్లుకు చిన్న పళ్ల చక్రం బిగించి దగ్గర తిప్పితే అలలు చక్కగా వచ్చాయి. మొనకు ఇనుప రజను గడ్డంలా పట్టి ఉంది, తుడిచాను. ఔట్‌పుట్‌ది మూడు తీగల హాల్ సెన్సర్. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన ప్రభావం మీదే పనిచేస్తుంది. బయటినుంచి కరెంటు కావాలి గానీ చక్రం ఎంత మెల్లగా తిరిగినా చదరపు అలలు సరైన ఎత్తులో ఇస్తుంది. రెండూ బాగున్నాయి.

ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ కొత్త హార్నెస్‌తోనే వస్తుంది. అయినా పాతదాన్ని గిన్నెలో వేసి చూశాను: 20 డిగ్రీల దగ్గర 3,480 ఓమ్‌లు, 40 దగ్గర 1,450, 60 దగ్గర 665, 80 దగ్గర 330. వేడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, రాగి చుట్టకు సరిగ్గా వ్యతిరేకం. ఈ ఒక్క సెన్సర్ మాట మీదే కంప్యూటర్ చల్లటి బండికి లాకప్ ఆపుతుంది, ఆయిల్ మరీ కాగితే గేర్లు మార్చే పద్ధతే మారుస్తుంది. నా మూడో రోజు 88 డిగ్రీల అంకె కూడా దీనిదే.

ప్రెషర్ సోలినాయిడ్‌ను నేరుగా 12 వోల్టులకు కలపకండి. 5 ఓమ్‌ల చుట్ట, 2 ఆంపియర్లకు పైగా లాగి కాలిపోతుంది. వరసలో 21 వాట్ల బల్బు పెట్టి చూశాను, చక్కగా కదిలింది. దీంట్లో కరెంటు సున్నా అయితే ఒత్తిడి అత్యధికం. తీగ తెగితే గేర్లు దభీమని పడతాయి గానీ క్లచ్చులు జారి మాడిపోవు.

13వ రోజు

బిగింపు. కొత్త హార్నెస్, కొత్త ఫిల్టరు, కొత్త గ్యాస్కెట్, ప్రతి సోలినాయిడ్‌కూ కొత్త ఓ-రింగులు, వాటికి ఆయిల్ తడి. తుడవడానికి నూలు రాలని గుడ్డే, ఒక్క పోగు జాలీలో ఇరుక్కున్నా చాలు. బోల్టులు మధ్యనుంచి అంచులకు, టార్క్ రెంచ్‌తో, మూడు విడతలుగా.

మూసేముందు బయటి కనెక్టర్ దగ్గర మళ్లీ కొలతలు: ఎ 21.4, బి 21.2.

14వ రోజు

ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ చెప్పిన వేడికి వచ్చాక లెవెల్ చూసి సరిచేశాను. కంప్యూటర్ పాత అలవాట్లు చెరిపేశాను కాబట్టి మొదటి పదిహేను ఇరవై గేర్లు కాస్త మొరటుగా పడ్డాయి, తర్వాత సర్దుకున్నాయి.

గంటన్నర తిప్పాను. ఆయిల్ 94 డిగ్రీలు. ఫస్ట్ అడిగినప్పుడు 2.8. సెకండ్ నుంచి థర్డ్‌కు అడిగిన అర సెకనులో 1.5 కాస్తా 1.0. కోడ్‌లు ఏమీ లేవు. గుంటలున్న దారిలో కావాలనే తీసుకెళ్లాను, ఎ ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇంకో సంగతి రాయడం మరిచాను. ఈ గేర్‌బాక్స్‌లో ఎ, బి రెండూ ఒకే పార్టు నంబరు. బి కోసం కొత్తది తెప్పించలేదు. మూడు నెలలు డబ్బాలో పడివున్న ఆ పాత ఎ ఇప్పుడు బి స్థానంలో పనిచేస్తోంది.